దయ్యం వేసిన అర అడుగు

ఆ కుంపటి కాస్త ఇటు జరిపి, దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుని, నా పక్కకి వచ్చి కూర్చో. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. మా ఊళ్ళో నలభై ఏళ్ళపాటు దీన్ని ఎవరూ గొంతెత్తి చెప్పలేదు. చెవి ఇటు పెట్టి విను.

మిత్సుయె ఏటి ఒడ్డున తబి మేజోళ్ళు ఉతుకుతోంది. అక్కణ్ణించి మొదలుపెడతాను. కగుర పండక్కి ఇంకా పది రోజులుంది. డిసెంబరు నెల. రాళ్ళ సందుల్లో నీళ్ళు గాజుపెంకుల్లా గడ్డకట్టాయి. కగురలో దేవుడి ముందు నాట్యం ఆడే మగవాళ్ళు పన్నెండుమంది, బొటనవేలు విడిగా ఉండే తెల్ల తబిలు పన్నెండు జతలు. సాధన చేసిన ప్రతి సాయంత్రం అవి నల్లగా మాసి మిత్సుయె గుమ్మంలో గుట్టపడేవి. ఇంట్లో బట్టలుతికే మిషను ఉంది. కాని దేవుడి ముందు తొడుక్కునేవి ఆడవాళ్ళ లంగాలు తిరిగిన మిషన్లో వెయ్యకూడదన్నాడు ఆవిడ మొగుడు కత్సుమి. ఆడదాని చేతులతో రుద్దితే మాత్రం మైల లేదు. మంచునీళ్ళలో ఆ చేతులు ఎర్రగా ఉబ్బి, పగిలి, పగుళ్ళలోంచి నెత్తురు తెల్లబట్టకి అంటితే దాన్నీ ఆవిడే ఉతకాలి. దానికీ మైల లేదు.

ఇరవై రెండేళ్ళు ఉతికిన మనిషికి ఆ మేజోళ్ళ అడుగులు చదవడం వచ్చేసింది. అక్షరాలు చదివినట్టే. బొటనవేలి మొదట్లో గుండ్రంగా నల్లమచ్చ ఉంటే అది తిరిగిన పాదం. మడమ చివర అరిగితే అది నేలని తొక్కిన పాదం. నేలలో నెమ్మది లేక కదిలేవాటిని అణచడానికి అలా తొక్కుతారని మా పెద్దలంటారు. కత్తిసాము గురువులూ అదే నేర్పుతారు, పాదం నేలని విడిస్తే ప్రాణం విడిచినట్టేనని. మా ఊరి కత్తి ఆట రెండింటికీ పుట్టిన బిడ్డ. సగం పూజ, సగం సాము. దాన్ని ఆడే హక్కు కత్సుమి ఇంటిది. అతని తబి అడుగున మిగతా ఎవరి తబిలోనూ లేని మరక ఒకటి ఉంటుంది. కుడిపాదం ముందుభాగంలో, అరచేయంత పొడుగున, ఈడ్చిన మరక. ఒకసారి మిత్సుయె ఆ మరక చూపించి, "ఇక్కడ పాదం వెనక్కి లాగుతారు కదూ" అంది. "నువ్వు చూడాల్సింది మురికి ఒక్కటే" అన్నాడు కత్సుమి.

ఆ ఈడ్చిన మరక పేరే అర అడుగు. దాని కథ తెలియాలంటే వెనక్కి వెళ్ళాలి.

మిత్సుయె లోయ అవతల తేయాకు తోటల ఊరి నుంచి ఇరవై రెండో ఏట ఈ ఇంటికి కోడలై వచ్చింది. వచ్చిన నెల్లాళ్ళకి, వాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం, ముల్లంగి తరుగుతుంటే వెనక గదిలోంచి చప్పుడు వినిపించింది. సర్రున ఏదో జారి, ఆగి, ధబ్‌మని. మళ్ళీ సర్రున జారి, ఆగి, ధబ్. ఆ గదికి ఎప్పుడూ తలుపులు మూసే ఉంటాయి. అత్తగారు నుయి కట్టెలకని వెళ్ళింది. ఇంట్లో తను తప్ప ఆడ మనిషి లేదు. చేతిలో కత్తి పట్టుకునే పెరట్లోకి పరుగెత్తి మొగుణ్ణి పిలిచింది. కత్సుమి పుట్టగొడుగుల దుంగలు పేరుస్తూ తలైనా ఎత్తలేదు. "నాన్న. వాన రోజుల్లో వస్తాడు. తలుపు తియ్యకు. గుమ్మం దగ్గర టీ పెట్టి వచ్చెయ్."

మామగారు సకుహేయి యుద్ధంలో పోయి అప్పటికి పదిహేడేళ్ళు. మిత్సుయె వణుకుతూ కప్పు పెట్టి, నుదురు నేలకి ఆనించి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. గంట తరవాత వెళ్తే కప్పు ఖాళీ. మర్నాడు పొద్దున అత్తగారు పప్పు నానబోస్తూ, ఎటో చూస్తూ, "నిన్నటి టీ మరీ పల్చగా ఉందట" అంది. కొత్త కోడలికి ఏడుపొక్కటే తక్కువ. చచ్చినవాళ్ళకి కూడా నా చేతి టీ నచ్చలేదే అనుకుంది.

మామగారు దయ్యమై ఆడే సంగతి ఊరంతటికీ తెలిసిందే. అది మొదలైంది యుద్ధం ఇంకో ఎనిమిది నెలల్లో ముగుస్తుందనగా వచ్చిన డిసెంబరులో. ఊళ్ళో నడుం నిలబడే మగవాడు లేడు. పండగ మానేద్దామని పెద్దలు అనుకున్నారు. పక్క ఊళ్ళలో రాత్రంతా ఆడతారుగాని మా కగుర పగటిదే, పొద్దు వాలేలోగా ముగియాలి. ఆ రోజు ముసలాయన ఒకడు ఊరికే ఆచారం కోసం డప్పు కొడుతుంటే, మిట్టమధ్యాహ్నం తెర వెనకనుంచి చెక్క ముఖం పెట్టుకుని ఒక ఆకారం వచ్చింది. గడ్డితాడు కట్టిన చోటులోకి అడుగుపెట్టి, కత్తి దూసి, ఆట మొత్తం ఆడింది. మధ్యలో ఒకచోట కుడిపాదాన్ని వెనక్కి అర అడుగు ఈడ్చింది. అంతకుముందు ఆ అడుగు ఎవరూ చూడలేదు. ఆడి, తెర వెనక్కి వెళ్ళి, మాయమైపోయింది. రెండు నెలలకి సైన్యం నుంచి తెల్లగుడ్డ చుట్టిన పెట్టె వచ్చింది, లోపల ఎముకల బదులు ఒక కాగితం, ఒక గులకరాయి. కాగితం మీద సకుహేయి పోయిన తేదీ ఉంది. పండక్కి సరిగ్గా మూడు రోజుల ముందు. ఇంక చెప్పేదేముంది. దక్షిణ సముద్రం దీవుల నుంచి మా కొండకి రావడానికి ప్రాణానికి మూడు రోజులు పట్టిందన్నారు మగవాళ్ళు. దారిలో కత్తి దేవుడి దగ్గర ఆ అర అడుగు నేర్చుకొచ్చాడన్నారు.

ముప్ఫై దాటని నుయిని అందరూ అడిగింది ఒకటే. "మీ ఆయన ఆడుతుంటే నువ్వెక్కడున్నావు?"

"వంటింట్లో" అనేది నుయి. ఆడవాళ్ళు తాడు దాటకూడదు కదా, ఇంకెక్కడుంటుంది.

కొడుకు కత్సుమికి పదిహేనేళ్ళు వచ్చేసరికి ఆట మొత్తం వచ్చేసింది, అర అడుగుతో సహా. ఎవరు నేర్పారని అడిగితే, వాన రోజుల్లో నాన్న వచ్చి నేర్పాడన్నారు. పట్నం నుంచి కత్తిసాము గురువు ఒకాయన వచ్చి చూసి, ఇది మూడువందల ఏళ్ళ కిందట అంతరించిన సాము బాణీ, ఈ అడుగు ఒక్కటే దానికి మిగిలిన ఆనవాలు అని చేతులు జోడించి వెళ్ళాడు. అప్పట్నించీ కత్సుమి నడకే మారిపోయింది. మంచినీళ్ళు అడిగినా మూడువందల ఏళ్ళ గొంతుతో అడిగేవాడు.

మిత్సుయె కాపురం ఇలా సాగింది. పొద్దున పుట్టగొడుగుల దుంగలు తిప్పడం, మధ్యాహ్నం చేను, సాయంత్రం సాధనకి వచ్చిన మగవాళ్ళకి షోచూ సారా, ఉప్పుచేప, ఊరగాయ. వాళ్ళు తిని లేచాక మిగిలిన దాంట్లో అత్తాకోడళ్ళు. మూడు పురుళ్ళలో రెండు నిలవలేదు. నిలిచినది ఆడపిల్ల. "కత్తి మా ఇంట్లో తుప్పు పట్టాల్సిందేనన్నమాట" అన్నాడు కత్సుమి, పురిటి మంచం పక్కన నిలబడి. ఆ మాట మిత్సుయె లోపల ఎక్కడో పడి ఉండిపోయింది, గొంతులో చేపముల్లులా, మింగినప్పుడల్లా తెలిసేలా.  ఆ రాత్రి అత్తగారు బిడ్డని ఒళ్ళో పెట్టుకుని, ఆ పసిపాదాలని తన బొటనవేలితో చాలాసేపు నిమిరింది. మిత్సుయె అది చూసింది. ఎందుకో అడగలేదు. ఆ ఇంట్లో అడగడం ఎవరికీ అలవాటు లేదు. వాన పడితే టీ పెట్టడం అలవాటు. ఏళ్ళు గడిచేకొద్దీ భయం పోయి, దయ్యానికి ఏ టీ ఇష్టమో తెలిసిపోయింది. చిక్కగా, వేయించిన ఆకు టీ.

నుయికి అరవయ్యో ఏట పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఆ ఏడు వానాకాలం నలభై రోజులు కురిసింది. మిత్సుయె రోజూ టీ పెట్టింది. రోజూ కప్పు నిండుగా, చల్లగా, మీద తెట్టు కట్టి అలాగే ఉంది. గదిలోంచి చప్పుడు లేదు.

పదకొండో రోజో పన్నెండో రోజో, ఆ చల్లారిన కప్పు చేత్తో పట్టుకుని మిత్సుయె నడవాలో నిలబడిపోయింది. అటు మూసిన గది. ఇటు అత్తగారి పక్క. వాన చూరు మీంచి పడుతోంది.  తరవాత వెళ్ళి టీ వేడిచేసి, తెచ్చి, అత్తగారి తల ఎత్తి పట్టుకుని తాగించింది. నుయి తాగింది. వంకరపోయిన మూతితో, "ఈమధ్య బాగా పెడుతున్నావు" అంది.

అంతే. ఆ మాట మీద ఇద్దరూ నవ్వలేదు, ఏడవలేదు. మిత్సుయె దుప్పటి తొలగించి అత్తగారి కాళ్ళు ఒళ్ళోకి తీసుకుంది. మూడు నెలలుగా తుడుస్తున్న కాళ్ళే, కాని అప్పుడే చూసింది. బొటనవేలి మొదట్లో గుండ్రంగా కాయ. మడమ చివర కాయ. కుడిపాదం ముందుభాగాన అరచేయంత పొడుగున చర్మం నున్నగా, చెప్పుతోలులా గట్టిపడి ఉంది.

"మామయ్యగారు కాదన్నమాట" అంది మిత్సుయె.

"ఆయనకి అసలు ఆట సరిగ్గా వచ్చేది కాదే" అంది నుయి. "ఎప్పుడూ ఎడంపక్క మర్చిపోయేవాడు. చూసి చూసి నాకే కంఠతా వచ్చింది, వంటింటి తలుపు సందులోంచి."

"మరి ఆ అర అడుగు?"

నుయి కుడిచేతి వేళ్ళు రెండు దుప్పటి మీద నిలబెట్టింది. చూపుడువేలు ఒక కాలు, నడిమివేలు ఒక కాలు. ఆ రెండు వేళ్ళు దుప్పటి మడతల మీద నడిచాయి, తిరిగాయి, ఒక్కసారి తూలాయి. "ఆయన హకామా, ఆ కుచ్చిళ్ళ లాగు, కట్టుకున్నాను. పాదాల కిందికి బెత్తెడు దిగింది. పట్టుబడిపోతానేమోనన్న కంగారులో, కుట్టి పైకి వెయ్యడానికి టైము లేదు. మధ్యలో అంచు తొక్కాను. వెనక్కి పడబోయాను. కాలు దానంతటదే వెనక్కి ఈడ్చి నిలబెట్టింది నన్ను. ఆ వేసవంతా బడి మైదానంలో మాచేత నగినాత తిప్పించారు కదా, శత్రువులు ఒడ్డుకి దిగితే ఆడవాళ్ళే పొడవాలని. పొడుగుకర్ర తిప్పేటప్పుడు పడబోతే అలా ఈడ్చాలని ఆ మాస్టారమ్మ వెయ్యిసార్లు వేయించింది. అదే వచ్చింది కాలికి." కాస్సేపు ఊపిరి తీసుకుంది. "తడబడ్డానే అమ్మాయ్. అంతే. మూడువందల ఏళ్ళట."

ఆ తరవాత మూడేళ్ళు బతికింది నుయి. ప్రతి మధ్యాహ్నం దుప్పటి మీద రెండు వేళ్ళతో ఆట మొత్తం నేర్పింది కోడలికి. వేలు ఎక్కడ వంగితే నడుం అక్కడ వంగాలి. గోరు ఎక్కడ ఆగితే ఊపిరి అక్కడ ఆపాలి. మధ్యలో మిత్సుయె ఆవిడకి గుడ్డ మార్చేది, గంజి తాగించేది, మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. కత్సుమి గుమ్మంలోంచి తొంగిచూసి, "అత్తాకోడళ్ళకి ఈ వయసులో వేళ్ళాటలు" అని పోయేవాడు. ఆఖరి రోజుల్లో మాట ముద్దగా వచ్చేది. అయినా ఒక మధ్యాహ్నం చాలా స్పష్టంగా అంది. "దయ్యంగా ఉండి ఉండి అలిసిపోయానే అమ్మాయ్. ఎవరూ నా పేరు పెట్టి ఆ ఆట గురించి మాట్లాడలేదు. నేనే మాట్లాడలేదు."

ఆవిడ పోయిన మరుసటి జూన్‌లో, వాన పడుతుండగా, మిత్సుయెకి మళ్ళీ ఆ చప్పుడు వినిపించింది. సర్రున జారి, ఆగి, ధబ్.  అత్తయ్యా అనబోయి కిందికి చూసుకుంటే తను వెనక గదిలో ఉంది. తలుపులు మూసి ఉన్నాయి. తడిచేతులకి ఇంకా బియ్యం కడిగిన తెలుపు ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎలా వచ్చిందో తెలీదు. చప్పుడు చేస్తున్న పాదాలు తనవే.

ఇప్పుడు మళ్ళీ ఏటి ఒడ్డుకి రా. ఆ తబిలు ఉతికి, ఆరేసి, మిత్సుయె ఇంటికి వెళ్ళేసరికి కత్సుమి వసారాలో కూలబడి ఉన్నాడు. దుంగలు మోస్తూ ఏటవాలులో జారాడు. మోకాలు గుమ్మడికాయంత అయింది. నెలన్నరదాకా మడవకూడదన్నాడు డాక్టరు. పండగ పది రోజుల్లో ఉంది. పైగా ఆ ఏడాదే, భద్రపరచాల్సిన పాత కళల జాబితాలోకి మా ఆటని ఎక్కించడానికి పట్నం నుంచి నిషిగోరి అనే పెద్దమనిషి వస్తున్నాడు. ఆ జాబితాలో ఎక్కితే కత్సుమి పేరు అందులో అచ్చవుతుంది.

మూడు రోజులు కత్సుమి ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం మిత్సుయె మోకాలికి వేడిగుడ్డ కాపడం పెడుతుంటే, ఇంటి పైకప్పుకేసి చూస్తూ అన్నాడు. "నువ్వు ఆడు."

మిత్సుయె చేతిలో గుడ్డ ఆగింది.

"వెనక గదిలో ఆడుతున్నావుగా. నాకు తెలీదనుకున్నావా. కత్తి ఆటవాడు బట్టలు ఒంటరిగా మార్చుకోవడం ఆచారం, తెరవెనక ఎవరూ ఉండరు. ముఖం పెట్టుకున్నాక ఎవరైతే ఏమిటి. ఆడెయ్, తెర వెనక్కి రా, ముఖం నాకిచ్చి వంటింట్లోకి వెళ్ళిపో. నేను బయటికొస్తా."

"చప్పుడు విని మామయ్యగారే అనుకోలేదా మీరు?" అంది మిత్సుయె.

"నాన్నేమిటి నీ మొహం. ఆ ఆట నేను అమ్మ దగ్గర నేర్చుకున్నవాణ్ణి. అడుగు తేడా నాకు తెలీదా." అనేశాక గాని ఏమన్నాడో అతనికి తెలియలేదు. తెలిశాక కోపం తెచ్చుకున్నాడు. "అది ఇంటి పరువు. ఆవిడకేం తక్కువైంది? పోయేదాకా ఒక్కమాట అందా? నీకూ నోరు అలాగే ఉండాలి."

మిత్సుయె వేడిగుడ్డ మళ్ళీ నీళ్ళలో ముంచింది, పిండింది, మోకాలి మీద పరిచింది. ముంచింది, పిండింది. లోపల మాత్రం ఇరవై రెండేళ్ళు వెనక్కి నడుస్తోంది. పెరట్లో దుంగలు పేరుస్తూ తలెత్తకుండా "నాన్న" అన్నాడే, అప్పుడు తెలుసు. వణికే చేతులతో కప్పు పెట్టి నేలకి తల ఆనిస్తే తెలుసు. నా వెన్ను చూస్తూ నవ్వుకున్నాడేమో. కట్టెలకని చెప్పి తల్లి గదిలోకి దూరుతుంటే తెలుసు. ఎనిమిదేళ్ళ పిల్లాడప్పుడే తెలుసు. పట్నం గురువు చేతులు జోడించినప్పుడు తల్లి పక్కనే పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంటే, అప్పుడూ తెలుసు. అబద్ధం ఆడితే ఒకసారి ఆడినట్టు. ఇది ఆడలేదు, దీంట్లో కాపురం చేశాడు. ఆవిడ నోరు విప్పకపోవడాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. నాదీ అలాగే అనుకుంటాడు. నేను చచ్చాక ఇంకెవరో వచ్చి గుమ్మంలో నాకు టీ పెడతారు.

"సరే" అంది మిత్సుయె. "ఆడతాను."

కత్సుమి కళ్ళు మూసుకుని హాయిగా ఊపిరి వదిలాడు.

పండగ రోజు పొద్దున్నించీ వంటింట్లో మేం ఎనిమిదిమంది ఆడవాళ్ళం ఉన్నాం. తొమె బామ్మ పెద్ద. ముల్లంగి, పుట్టగొడుగులు, టోఫూ, మూడు బిందెల పులుసు. మిత్సుయె ఉప్పు చూసి, ఏప్రన్ విప్పి, "బియ్యం కడిగొస్తాను వదినా" అంది నాతో. కడగాల్సిన బియ్యం లేదు. ఎవరూ ఆ మాట అనలేదు.

తెర వెనక మామగారి పాత హకామా కట్టుకుంది. అది నాలుగేళ్ళ కిందటే బెత్తెడు పైకి కుట్టి ఉంది, వెనక గది కోసం, తన కోసం. చెక్క ముఖం పెట్టుకోగానే లోపల వాసన కొట్టింది. కర్పూరం, పాత చెమట, దానికింద ఎక్కడో కెమెల్లియా తలనూనె. మగవాళ్ళెవరూ ఆ నూనె రాసుకోరు. కళ్ళ రంధ్రాలు ఎంత చిన్నవంటే ముందున్నది తప్ప ఏమీ కనపడదు. డప్పు మొదలైంది. గడ్డితాడు దాటుతుంటే కాలు ఒక్క క్షణం బరువెక్కింది. ఎవరో వెనకనుంచి మోకాలి మడత మీద మెత్తగా వేలు పెట్టి నొక్కినట్టయి, దాటింది.

తరవాత ఆవిడ ఆడినట్టు లేదు. రెండు వేళ్ళ మీద తను నిలబడి ఉన్నట్టుంది. నేలని తొక్కింది, తూర్పున, దక్షిణాన, పడమట, ఉత్తరాన. తొక్కినప్పుడల్లా కింద ఏదో అణగకపోగా తల ఎత్తుతున్నట్టు అరికాళ్ళకి తెలిసింది. కత్తి గాలిని కోసింది. నడుం కిందికి దిగింది, ఊపిరి ఆగింది. అంచు కుట్టేసింది కాబట్టి తొక్కుకోవడానికేమీ లేదు, తడబడాల్సిన పని లేదు. అయినా ఆ చోటు రాగానే కుడిపాదం అర అడుగు వెనక్కి ఈడ్చుకుంది. ముఖం లోపల ఒక నిట్టూర్పు వినిపించింది. తను ఆ క్షణాన ఊపిరి బిగబట్టి ఉంది.

తెర వెనక్కి రాగానే కత్సుమి ముఖం లాక్కున్నాడు. చెంబెడు నీళ్ళు తన నెత్తిన గుమ్మరించుకున్నాడు, చెమటలా కనపడాలని. కర్ర ఊతం మూలకి విసిరి, పళ్ళు బిగించి, తెర తీసుకుని బయటికి నడిచాడు. అవతల చప్పట్లు.

మిత్సుయె వంటింట్లోకి వచ్చింది. ఒళ్ళంతా చెమట. తొమె బామ్మ ఏమీ అడక్కుండా వేడి తువ్వాలు తెచ్చి ఆవిడ మెడ మీద వేసింది. "ముఖం తుడుచుకో. చెక్క అంచు గుర్తు పడింది, చెంపలమీద ఎర్రగా" అంది. మిత్సుయె ఆవిడకేసి చూసింది. తొమె బామ్మ పులుసు కలపడంలో పడిపోయింది.

మిత్సుయె తుడుచుకోలేదు. పులుసు గిన్నెలు పళ్ళెంలో పెట్టుకుని హాల్లోకి వెళ్ళింది.

నిషిగోరి గారు ఒళ్ళో కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు. మంచి మనిషే. "ఆ అర అడుగు అద్భుతం" అంటున్నాడు. "ఇంకొక్కసారి చూపిస్తారా?"

"రోజుకి ఒకసారే. దేవుడి నియమం" అన్నాడు కత్సుమి. అతని మోకాలు చాపమీద వణుకుతోంది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. చెంపలమీద ఏ గుర్తూ లేదు.

"సరే, ఇక్కడ నేర్పినవారు అని ఒక గడి ఉంది. పేరు చెప్పండి."

"మా నాన్న. సకుహేయి."

ఆయన ఆ పేరు సగం రాసేసరికి మిత్సుయె పులుసు గిన్నె ఆయన ముందు పెట్టింది. "నుయి అండీ" అంది.

ఆయన తలెత్తాడు. "ఎవరు?"

"నేర్పినవారి పేరు. నుయి. మా అత్తగారు. హకామా పొడుగై అంచు తొక్కి పడబోయారు. ఆ అడుగు అదే."

కత్సుమి నవ్వబోయాడు. "ఏమనుకోకండి, పొద్దున్నించీ పొయ్యి దగ్గరే ఉంది. ఆవిరికి తల తిరిగినట్టుంది. ఏమే, లోపలికి పో."

డప్పు దగ్గరి పెద్దాయన లేచాడు. "ఆడది తాడు దాటిందంటున్నావా? ఈ మాట పైన కొండదేవుడు వింటే ఏమవుతుందో తెలుసా? ఎవరు చూశారు? ఎవరు సాక్ష్యం?"

మిత్సుయె దగ్గర సాక్ష్యం లేదు. పోయిన మనిషి, దుప్పటి మీద రెండు వేళ్ళు, అంతే ఉన్నాయి.

అప్పుడు వంటింటి గుమ్మంలో తొమె బామ్మ నిలబడింది. చేతిలో గరిటె ఉంది. "ఎవరు చూశారేమిటి, మేమంతా చూశాం" అంది. "ఆ డిసెంబరు మీరంతా నోరు తెరుచుకుని మొహం చూశారు. మేం కాళ్ళు చూశాం. ఆ అడుగు దేవుడిచ్చింది కాదయ్యా, బడి మైదానంలో మాస్టారమ్మ ఇచ్చింది. మాకందరికీ వచ్చు."

అని వంటింటి మట్టినేల మీద, డెబ్భై ఏళ్ళ కుడిపాదాన్ని అర అడుగు వెనక్కి ఈడ్చింది. సర్రున. ఆగింది. ధబ్.

తరవాత ఆవిడ పక్కనున్న తానె అక్క వేసింది, చేతిలో ముల్లంగితో. తరవాత నేను వేశాను. నలభై ఏళ్ళయింది వేసి, కాలు మర్చిపోలేదు. ఒకరి తరవాత ఒకరు, ఎనిమిదిమందిమీ. బిందెల్లో పులుసు కదిలింది. నలభై ఏళ్ళపాటు ఆ ఇంటి మూసిన గదిలోంచి వచ్చిన చప్పుడు ఇప్పుడు ఎనిమిది జతల కాళ్ళ నుంచి వస్తోంది.  డప్పు పెద్దాయన మెల్లిగా కూర్చున్నాడు.

నిషిగోరి గారు కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. ఆ తరవాత, అప్పటికే రాసిన సగం పేరు కొట్టేసి, మిత్సుయెకేసి తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు. "నుయి అంటే ఏ అర్థం వచ్చే అక్షరం?"

"కుట్టడం అని రాస్తారే, ఆ అక్షరం" అంది మిత్సుయె.

ఆయన రాసుకున్నాడు. రాసి, ఆవిడ చెంపల మీది ఎర్రగీతకేసి ఒకసారి చూసి, "ఈ రోజు ఆడినవారి పేరు కూడా చెప్పండి" అన్నాడు. ఆవిడ మొగుడికేసి చూడలేదు. చెప్పింది.

ఆ ఏడు జాబితాలో మా ఊరి పేరు ఎక్కలేదు. కత్సుమి పాతిక రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదని చెప్పింది మిత్సుయె నాతో, నవ్వకుండా.

నాకు నిద్రపట్టనిది వేరే ఒకటి ఉంది. నలభై ఏళ్ళు మేం నోరు మూసుకుని నుయిని కాపాడుతున్నామనుకున్నాం. తెలిసిందంటే తాడు దాటినందుకు ఊరు వెళ్ళగొడుతుందని. అందులో నిజం ఉంది. కాని ఏటి దగ్గర, చేలో, వంటింట్లో, మేం మేం మాత్రమే ఉన్నప్పుడైనా ఒక్కసారి ఆవిడ చెయ్యి పట్టుకుని బాగా ఆడావే అని అనొచ్చు. అనలేదు. మగవాళ్ళు ఆవిణ్ణి దయ్యాన్ని చేస్తే, మేం అలాగే ఉండనిచ్చాం. వాన పడితే ఇప్పటికీ వింటాను.

అందుకని నీకు చెప్పాను. గుర్తుపెట్టుకో. నీ తరవాత వాళ్ళకి చెప్పు. అర అడుగు మర్చిపోయినా పరవాలేదు, దయ్యం అని మాత్రం చెప్పకు. ఎవరు ఆడారని అడిగితే నుయి అను. ఏ అక్షరం అంటే, కుట్టడం అని రాసేది అను.